మెరిట్ ఎవరి సొత్తు?

'మెరిట్ చచ్చిపోతోంది' అన్న ఏడుపు పాతదే. కోస్తా, రాయలసీమలు కూడా కలిసివున్న నాటి మద్రాసు రాష్ట్రంలో కమ్యూనల్ జీవో ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణులకు 2, ఆ జీవో భాషలో 'హరిజనుల'కు 2 ఇచ్చింది. 1951లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టుకెక్కిన చంపకం దొరైరాజన్ అసలు మెడికల్ కాలేజీకి దరఖాస్తే పెట్టలేదు! ఆ తీర్పుకు జవాబుగానే అదే ఏడు రాజ్యాంగంలో 15(4) చేరింది.

2023లో నీట్ పీజీ కటాఫ్‌ను సున్నా పర్సంటైల్‌కు దించారు. ఖాళీ సీట్లు నిండాలి కదా! మరి అప్పుడు చావని మెరిట్, మాల మాదిగ పిల్లలు సీటు తెచ్చుకుంటేనే ఎందుకు చస్తుంది? మా పిల్లల కటాఫ్ లెక్కగట్టే నోళ్లు మేనేజ్‌మెంట్ కోటా ఫీజుల లెక్క అడగవేం? రిజర్వేషన్ తలుపు దగ్గరే; లోపల ఎంబీబీఎస్ పాసు మార్కులు అందరికీ ఒక్కటే. మేం అనేదిదే: ర్యాంకు పక్కన కోచింగ్ ఖర్చు, తరాల చదువు కూడా రాసి చూడండి. అప్పుడు మాట్లాడదాం మెరిట్ గురించి.