ముందు ఏడున్నర, వెనక పన్నెండున్నర

నిలువుటద్దం పాడైందనగానే అందరి చూపూ గాజు మీదికే పోతుంది. ఈ అద్దానికి గాజు చెక్కుచెదరలేదు, విరిగింది పీఠం. రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన ఫ్యాక్టరీ చెక్క అది. రోజూ ఇల్లు తుడిచే తడిగుడ్డ నీళ్లను అంచుల్లోంచి పీల్చి పీల్చి ఉబ్బింది. స్క్రూల చుట్టూ పిండిలా రాలిపోయింది. దానికి రాజమండ్రిలో ఒక వడ్రంగి టేకుతో కొత్త పీఠం కట్టారు. దగ్గర కూర్చుని ఆ పని చూసినవాణ్ణి కనుక నాలుగు మాటలు రాయకుండా ఉండలేను.

అద్దం 5 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం. గాజు ఒక్కటే 9 కిలోలకు దగ్గర. ఆయన రంపం ముట్టుకోకముందే అడిగిన మాట: “ఇది ఎంత వాలి నిలబడాలో ముందు తేల్చుకుందామండి.” నిటారుగా నిలిపితే పొడుగాటివాళ్లకు తల కనబడదు. మరీ వాలిస్తే ఇంటి కప్పు కనబడుతుంది. గోడకు ఆనించి, ముందుకూ వెనక్కూ జరిపి చూసి, అడుగుకు అంగుళం వాలు చాలన్నారు.

పీఠం రూపమంతా ఆ ఒక్క అంగుళంలోంచే వచ్చింది. అద్దం బరువు దాని నడుమ, 30 అంగుళాల ఎత్తున ఉన్నట్టు లెక్క. అడుగుకు అంగుళం చొప్పున ఆ చోటు రెండున్నర అంగుళాలు వెనక్కి పోతుంది. ఒక్కో పక్క పాదం పొడవు 20 అంగుళాలు. అద్దాన్ని మోసే నిలువు కమ్మీని పాదం మధ్యలో దింపితే చూడ్డానికి చక్కగానే ఉంటుంది కానీ బరువు వెనక కొసకు దగ్గరవుతుంది. అందుకని ఆయన ముందు ఏడున్నర అంగుళాలు, వెనక పన్నెండున్నర అంగుళాలు వదిలి, కమ్మీ దిగే బెజ్జం గీశారు. ఏడున్నరకు రెండున్నర కలపండి: బరువు సరిగ్గా పాదం నడిమధ్యన పడుతుంది. కంటికి ఎగుడుదిగుడుగా కనిపించే ఆ పాదం బరువుకు మాత్రం సమానం. కాగితం మీద ఒక్క అంకె వెయ్యలేదాయన.

చెక్క ఏదో పాత ఇంటి ద్వారబంధానిది, కలప అడితిలో ఏరి తెచ్చుకున్నది. ఏళ్ల తరబడి ఎండిన చేవ కనుక ఇక వంకర తిరిగే భయం తక్కువ. చిత్రిక రెండుసార్లు నడిచేసరికి బూడిదరంగు పోయి తేనెరంగు బయటపడింది.

నన్ను కట్టిపడేసింది కుసి: బెజ్జంలో దిగేలా పలచగా చెక్కిన కమ్మీ కొస. ఒకటిన్నర అంగుళాల మందం చెక్కలో మూడో వంతు, అంటే అరంగుళం కుసి. దాని భుజాలను కూడా అదే వాలులో కోశారు, పాదం మీద వెంట్రుక సందు లేకుండా కూర్చోవాలని. బెజ్జం గోడల గుండా అడ్డంగా ఒక చిల్లు వేశారు. కుసిని బిగించి చిల్లు గుర్తు పెట్టుకుని, బయటికి తీసి, కుసికి వేసే చిల్లును ఆ గుర్తు మీద కాక భుజం వైపు అంగుళంలో పదహారో వంతు జరిపి వేశారు. మొదట పొరపాటేమో అనుకున్నాను. కొస సన్నంగా చెక్కిన వెదురు మేకును కొడుతుంటే తెలిసింది కిటుకు. ఆ కాస్త తేడాలోంచి దూరే ప్రయత్నంలో మేకు కుసిని లోపలికి లాగేస్తుంది. కొట్టేకొద్దీ కీలు బిగుస్తుంది. స్క్రూ అయితే కాలక్రమంలో వదులవుతుంది. ఈ లాగుడు అంత తేలిగ్గా పోయేది కాదు. జిగురు బొట్టు కూడా వెయ్యలేదు.

పాదాల అడుగున నడుమ పావంగుళం లోతు తీసేశారు. రెండు కొసలే నేలను తాకుతాయి కనుక మొజాయిక్ గచ్చు కాస్త ఎత్తుపల్లాలున్నా అద్దం ఊగదు. పైభాగానికి లక్క పాలిష్ పెట్టారు. లక్క మీద నీళ్లు నిలిస్తే తెల్లబారుతుంది కనుక పాదాలకు మాత్రం అవిసె నూనె. అందులోనూ కోసిన కొసలకు, అవి తాగినంతా తాగించారు. పాత పీఠాన్ని తిన్నది తడిగుడ్డేనని ఆయనకు చూడగానే తెలిసిపోయింది మరి.

రెండు పాదాలనూ కలిపే అడ్డకమ్మీని మేకులతో బంధించలేదు. దాని కుసిని పాదం అవతలికి పొడుచుకొచ్చేలా చేసి, బయట ఒక చీల దిగ్గొట్టారు. ఇల్లు మారేటప్పుడు ఆ చీలలు ఊడదీస్తే పీఠం మూడు ముక్కలై ఆటోలో పట్టేస్తుంది. వానలు వెళ్లి చెక్క ఆరాక సుత్తితో వాటిని ఒకసారి తట్టమని చెప్పి డబ్బులు తీసుకున్నారు.