మంటకు చిక్కని సున్నం

మార్కాపురం పలకమీద బలపంతో రాసింది తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. అదే పలకరాతిని పొడిచేసి, రసాయనాలతో కరిగించి, అందులో కాల్షియం ఎంతుందో కొలవబోతే, రాతిలోని అల్యూమినియం మన లెక్కనే తుడిచేయగలదు. కాల్షియం ఎక్కడికీ పోదు. యంత్రం కంటికి ఆనదు, అంతే.

ఆ యంత్రం అటామిక్ అబ్జార్ప్షన్ స్పెక్ట్రోమీటర్. ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ 1955లో ఈ పద్ధతిని ప్రకటించాడు. ఏ మూలకాన్ని కొలవాలో ఆ మూలకపు దీపమే వెలిగించి, దాని వెలుగును ఒక మంటగుండా పంపుతారు. ద్రావణం సన్నటి తుంపరగా మంటలోకి చేరుతుంది. అక్కడ విడివడిన కాల్షియం పరమాణువులు 422.7 నానోమీటర్ల వెలుగును మింగుతాయి. ఎంత మింగితే అంత కాల్షియం.

మెలికంతా ఆ విడివడటంలోనే ఉంది. గాలి, అసిటిలీన్ కలిసిన మంట వేడి సుమారు 2,300 డిగ్రీలు. తుంపర ఆరి రేణువయ్యేటప్పుడు కాల్షియం అల్యూమినియంతోనో, సిలికాతోనో, ఫాస్ఫేట్‌తోనో ముడిపడితే, ఆ ముడి విప్పడానికి ఆ వేడి చాలదు. ముడిలో ఉన్న కాల్షియం వెలుగును మింగదు, లెక్కకు రాదు.

దీనికి పాత విరుగుడు లాంథనం. ద్రావణంలో దాన్ని దండిగా కలిపితే అల్యూమినియం, ఫాస్ఫేట్ దానితో జతకడతాయి, కాల్షియం బయటపడుతుంది. నమూనాలో ఎంత లాంథనం కలిపారో ప్రామాణిక ద్రావణాల్లోనూ అంతే కలపాలి. ఇంకో దారి నైట్రస్ ఆక్సైడ్ మంట. దాని వేడి మరో నాలుగైదు వందల డిగ్రీలు ఎక్కువ. కానీ ఆ వేడికి కాల్షియం ఎలక్ట్రాన్‌ను వదిలేసి అయాన్ అయిపోతుంది. దాన్ని ఆపడానికి పొటాషియం కలపాలి. చేయి తిరిగిన విశ్లేషకులు ఇంతటితోనూ ఊరుకోరు. నమూనాలో తెలిసిన మోతాదు కాల్షియం వేసి మళ్లీ కొలుస్తారు. పది వేస్తే ఆరే తేలిందా, ముడి ఇంకా వీడలేదన్నమాట.

రాతి సంగతి అలా ఉంచి నీళ్ల దగ్గరికి వద్దాం. పొదిలి, దర్శి, కనిగిరి ఒకప్పుడు నెల్లూరు జిల్లావి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. 1970లో ఇవన్నీ ఒకే కొత్త జిల్లాలో చేరాయి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో తొలిసారి శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, ఆనాటి నెల్లూరు జిల్లాలోనే. ఫ్లోరైడ్‌ను కొలిచేది ఈ మంటతో కాదు, ఎలక్ట్రోడ్‌తో. అయినా అడ్డం పడేది మళ్లీ ఆ అల్యూమినియమే. ఎలక్ట్రోడ్‌కు విడిగా ఉన్న ఫ్లోరైడే కనిపిస్తుంది, అల్యూమినియం పట్టుకున్నది కనిపించదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తగ్గించే నల్గొండ పద్ధతిలో నీళ్లలో కొంత అల్యూమినియం మిగిలిపోవచ్చు. అందుకే కొలిచేముందు ఆ పట్టు విడిపించే బఫర్ ద్రావణం కలపాలి.

లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడ్ ఉంటే మంచిదని, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణం. కాబట్టి నీళ్ల రిపోర్టు చేతికొస్తే అంకె ఒక్కటే చూసి ఊరుకోకూడదు. పట్టు విడిపించాకే కొలిచారా అని అడగాలి. 0.9 అని రాసిన నీళ్లలో నిజంగా 1.9 ఉంటే, ఆ తేడా ఏళ్లు గడిచాక పిల్లల పళ్లమీద గారగా తేలుతుంది. అది తడిగుడ్డకు పోయేది కాదు.