కుట్టికార శబ్దవిచారము

ఇరువది యేండ్లకు మునుపు నా విద్యార్థి యొకఁడు పరీక్షాపత్రములో శ్రీ గూడ అంజయ్యను వాగ్గేయకారుఁడని వ్రాసెను. నే నా పదమును గొట్టివైచి, ‘కుట్టికారుఁడు’ అని దిద్ది, రెండు మార్కులు తగ్గించితిని. ఇప్పు డాతఁడే యుపాధ్యాయుఁడై, ఆంగ్లదేశపు బీటిల్సు బృందము పాటలను, ఇటలీ దేశస్థుఁడగు ఫాబ్రిత్సియో దె ఆంద్రే పాటలను నాకు వినిపించి, ‘గురువుగారూ, వీరి నేమనవలయును?’ అని యడిగెను. ఈ వ్యాసము దానికిఁ బ్రత్యుత్తరము. ఇందలి రుచి నాది, కొలత శాస్త్రమునది.

13వ శతాబ్దమున దేవగిరి యాదవుల యాశ్రయమం దుండిన శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరములో వాగ్గేయకార లక్షణము జెప్పినాఁడు. మాతు వనఁగాఁ బదరచన. ధాతు వనఁగా స్వరరచన. రెంటిని జేయువాఁడు వాగ్గేయకారుఁడు. ధాతు వధికమై మాతువు మందమైనచో మధ్యముఁడు. మాతువు రమ్యమై ధాతువు మందమైనచో నధముఁడు. అన్యధాతువునందు మాతువు గూర్చువాఁడు కుట్టికారుఁడు. పదమే సర్వస్వమని యెంచు మావంటివారికి ఈ క్రమము చేఁదుగనే యుండును గాని, లక్షణకర్త యట్లే నిర్ణయించినాఁడు.

ముందుగా రాక్ బృందముల మాట. రత్నాకరమునందలి యుత్తమ బృందమున ముఖ్యగాయకులు 4, సమగాయకులు 8, గాయనీమణులు 12, వేణువాదకులు 4, మృదంగవాదకులు 4, వెరసి 32 మంది. 1960 మొదలు 1970 వఱకు నిలిచిన బీటిల్సు బృందమున లెనన్, మకార్ట్నీ, హారిసన్, స్టార్ అను నలువురే ప్రసిద్ధులు. వాయించువారే పాడువారు. వేములవాడ దాపున హన్మాజిపేటకుఁ జెందిన మిద్దె రాములు ఒగ్గుకథ విన్నవారికిఁ బాటయు వాద్యమును గలిసి నడచు పద్ధతి క్రొత్త కాదు. 1965లో వెలువడిన ‘యెస్టర్డే’ పాటకు మకార్ట్నీకి మొదట వరుస తోఁచెననియు, మాటలు కుదురువఱకుఁ గోడిగ్రుడ్ల వంటకముపేరు పెట్టి పాడుకొనెననియుఁ బ్రసిద్ధము. ధాతువు పుట్టి మాతువును వెదకికొన్నదన్నమాట. ఆ పాట నా తూనికలో మధ్యమము. వరుస మఱపురాదు, మాట సామాన్యము. మఱునాఁటి యేఁడు 1966లో వచ్చిన ‘ఎలినార్ రిగ్బీ’ యందు ఒంటరి స్త్రీ జీవితమును జెప్పు మాతువు ధాతువునకు సమముగాఁ దూఁగుచున్నది, అది యుత్తమము. తక్కిన రాక్ బృందములు పెక్కింటియందు విద్యుత్తంత్రుల మ్రోఁతలో మాతువు మునిఁగిపోవుట నాకు రుచింపదు.

ఇటలీవారు ఈ తెఱఁగు కవులను ‘కంతౌతోరే’ యందురు. గాయకుఁ డను శబ్దమును, కర్త యను శబ్దమును అతుకఁగా నేర్పడిన పదమిది. పాడువాఁడే కర్త యని దీని యర్థము, మన కర్మధారయమువంటిది. మన శబ్దమున వాక్కును గేయమును రెండును చేయఁబడునవి. వారి శబ్దమున గానము గలదు గాని స్వరరచన వేఱుగాఁ జెప్పఁబడలేదు. కావున స్వరకల్పనలో నింకొకని సాయము గొన్నను ఆ పేరునకు హాని లేదు. దె ఆంద్రే (1940–1999) తన పుట్టినయూరగు జెనోవా మాండలికమున 1984లో వెలువరించిన గీతసంపుటికి స్వరరచనయందు మౌరో పగాని ప్రధానసహకర్త. ఒకే కృతికై యిద్దఱు గూడి పనిచేసినచోట అన్యుఁ డనఁదగినవాఁడు లేఁడు. కావున దె ఆంద్రే కుట్టికారుఁడు గాఁడు. పలుకుబడి తెలియని తోడి యిటాలియనులు సైత మాదరించునట్లు సొంతయూరి మాటలో నాతఁడు పాడెను. మాండలికము కావ్యమునకుఁ దగదనువారు దీనిని గమనింపవలయును.

ఇఁక ‘అన్యధాతువు’ అను సమాసము. తనది కాక వేఱగు ధాతువని కర్మధారయము జెప్పినచో, ఊరివరుసలలోఁ బాట కట్టిన అంజయ్య కుట్టికారుఁ డగును. నాఁడు నేను జేసిన విగ్రహ మిదియే. అన్యుని ధాతువని షష్ఠీతత్పురుషము జెప్పినచో, ఆ యన్యుఁ డొకఁడు కర్తగా నుండవలయును. నాట్లయందును గలుపులయందును స్త్రీలు పాడు వరుసలకుఁ గర్త యెవఁడు? కుండ వలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవును గాని, శబ్దము వలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోయి చేసి యిమ్మని యడుగఁడని పతంజలి పస్పశాహ్నికమునఁ జెప్పినాఁడు. ఊరివరుసయు నట్లే లోకసిద్ధము. శబ్దములను దాను సృజింపలేదని కవికిఁ గవిత్వము లేదనము గదా! బీటిల్సు వరుస గైకొని తెలుఁగుమాటలు పొదిగినవాఁడు మాత్రము కుట్టికారుఁడే. అచటఁ గర్త ప్రసిద్ధుఁడు.

అంజయ్య మాతువునుగూర్చి యొక్క వ్యాకరణవిశేషము. ‘ఊరు మనదిరా’ యను పాటకుఁ బ్రాణము ‘మన’ శబ్దము. ‘మా’ యన్నచో వినువాఁడు వెలుపల నుండును; ‘మన’ యన్నచో లోపలికి వచ్చును. ఈ భేదము సంస్కృతపు అస్మచ్ఛబ్దమునకు లేదు. ఆంగ్లమునకు, ఇటాలియనుకు లేదు. దొరతనమును బ్రశ్నించు నా పాటకు వంత పలికినవాఁ డెవఁడైనను ఆ శబ్దముచేతనే దానిలోనివాఁ డగును. మాతువును ధాతువును ఒకే పని జేయుట యిదియే.

గోదావరి కీవల ధర్మపురి, ఆవల దండేపల్లి మండలపు లింగాపురము. నడుమ నది పూర్వపుఁ గరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలకు ఎల్ల. ధర్మపురి శేషప్పకవి తాను గణయతిప్రాసల నెఱుఁగననియుఁ బంచకావ్యములు చదువలేదనియు నరసింహశతకమునఁ దానే చెప్పుకొన్నను, మన మా శతకమును బాలురచేఁ గంఠస్థము సేయించితిమి. 1955లో లింగాపురమునఁ బుట్టిన యంజయ్యకు ఆ న్యాయము నేను జూపనైతిని. ఆయన 2016లోఁ గీర్తిశేషుఁ డయ్యెను.

గీతములను బ్రకటించువారు మాతువును మాత్రము ముద్రించి ధాతువును విడుచుచున్నారు. అది సగము గ్రంథము. పాడినవా రుండఁగానే వరుసలను స్వరలిపిలోఁ గూర్చి, పాఠభేదములవలె వరుసభేదములను గూడఁ జూపుట పరిషత్తుల పని. నేను దగ్గించిన రెండు మార్కుల నిప్పు డిచ్చియుఁ బ్రయోజనము లేదు. కాని నా విద్యార్థి వ్రాసిన పదమే సాధువు.