చారులత చేతిలో దుర్భిణి

‘చారులత’ ప్రస్తావన వస్తే మాటలు చాలావరకు వదినా మరుదుల ప్రేమ చుట్టూనే తిరుగుతాయి. రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో రాసిన ‘నష్టనీడ్’ ఆధారంగా సత్యజిత్ రాయ్ 1964లో తీసిన ఈ బెంగాలీ సినిమా ప్రేమకథే, కాదనను. కానీ కెమెరా ఎవరి వెంట నడిచిందో, మాధవీ ముఖర్జీ ముఖంలో ఏం కదులుతోందో గమనిస్తే, ఒక స్త్రీ రచయిత్రి కావడమే ఇందులో అసలు కథ అనిపిస్తుంది నాకు.

కాలం 1879-80. ఊరు కలకత్తా. భర్త భూపతికి తన ఇంగ్లీషు పత్రికే లోకం. మొదటి కొన్ని నిమిషాల్లో దాదాపు మాటలుండవు. చారు రుమాలు మీద అక్షరం కుడుతుంది, పుస్తకాల బీరువా వెతుకుతుంది. కిటికీ రెక్కల సందులోంచి చిన్న దుర్భిణితో వీధిని చూస్తుంది. అదే దుర్భిణితో, తనను గమనించకుండా వరండాలో నడిచిపోయే భర్తనీ చూస్తుంది. అతను దాటిపోయాక ఆమె చెయ్యి వాలిపోతుంది, కెమెరా చటుక్కున వెనక్కి జరుగుతుంది. భర్త కూడా ఆమెకు వీధిలో పోయే మనిషంత దూరమే అని చెప్పడానికి ఇంకో మాట అక్కర్లేదు. బన్సీ చంద్రగుప్త వేసిన గదులు, పూల డిజైన్ల గోడలు, బరువైన సామాను కంటికి ఎంత అందంగా ఉన్నాయో, సుబ్రతా మిత్ర మెత్తటి వెలుగులో అంత మూసుకుపోయినట్టూ ఉన్నాయి. జమీందారీ వైభవాన్ని చూపించి మురిసిపోయే చారిత్రక సినిమాలకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. ఇక్కడ అలంకరణే గోడ.

తోటలో ఉయ్యాల దృశ్యం గురించి ఎంత చెప్పినా తక్కువే. చారు ముఖం తెర మీద స్థిరంగా ఉంటుంది, వెనక చెట్లూ ఆకాశమూ ఊగుతాయి. వరసకు మరిది అయిన అమల్ (సౌమిత్ర ఛటర్జీ) కింద బోర్లా పడుకుని రాసుకుంటుంటాడు. ఆమె దుర్భిణి పక్కింట్లో బిడ్డనెత్తుకున్న తల్లి మీదికి వెళ్ళి, అక్కణ్ణించి అమల్ మీదికి తిరుగుతుంది. మాధవి కన్నీళ్ళు పెట్టుకోదు, నిట్టూర్చదు. నవ్వు మెల్లగా ఆరిపోతుంది, అంతే. కోరిక ఆమెకే అర్థమవుతున్న ఆ క్షణాన్ని ఇంత తక్కువ నటనతో చూపించినవాళ్ళు అరుదు.

చారు చేత రాయించమని అమల్‌కి పురమాయించింది భూపతే. అంటే ఆమె రాత కూడా మగవాళ్ళు వేసుకున్న పథకమే. కానీ ఆమె రాసింది మాత్రం వాళ్ళు అనుకున్నది కాదు. అమల్ అలంకారాల భాష వదిలేసి తన ఊరి జ్ఞాపకాల్లోకి వెళ్తుంది. ఆమె కళ్ళ మీదుగా పడవలు, తిరునాళ్ళు, బాణసంచా సాగిపోతాయి. ఇప్పుడు చేతిలో దుర్భిణి లేదు. చూపు లోపలికి తిరిగింది. అచ్చయిన పత్రికతో అమల్ నెత్తి మీద కొట్టి, ఆ వెంటనే అతని గుండె మీద పడి ఏడ్చేటప్పుడు గెలుపూ ప్రేమా విడదీయలేనంతగా కలిసిపోతాయి.

అయితే నాకొక పేచీ ఉంది. అమల్ రాసింది పైకి చదివి వినిపిస్తాడు. చారు రాసిన వాక్యాలు మాత్రం మనకు వినపడవు, బొమ్మలే కనపడతాయి. ఆమె జ్ఞాపకాన్ని ఇంత అద్భుతంగా దృశ్యం చేసిన దర్శకుడు ఆమె గొంతుని ఎందుకు దాచాడు? ఆమె మీద ఎంత ప్రేమున్నా, ఆమె తరఫున తానే మాట్లాడటం కాదా ఇది?

చివర్లో భార్యాభర్తల చేతులు కలవబోయి, కలవకుండానే నిశ్చల చిత్రాలుగా ఆగిపోతాయి. ఆ చేతులు కలుస్తాయా లేదా అన్నదే అందరి ప్రశ్న. అంతకుముందు సముద్రపు ఒడ్డున చారు ఒక మాట అంటుంది: రెండు భాషల్లో పత్రిక పెడదాం, బెంగాలీ భాగం నేను చూసుకుంటానని. అమల్ ఉత్తరం వచ్చి ఆమె కుప్పకూలాక ఆ పత్రిక ఊసే ఉండదు. మన సాహిత్య చరిత్రల్లో కాపురాల లెక్క దొరికినంత తేలిగ్గా, మొదలుకాకుండానే ఆగిపోయిన ఆడవాళ్ళ పత్రికల లెక్క దొరకదు. చేతులు కలిసినా కలవకపోయినా, ఆమె మళ్ళీ కలం పట్టిందా అన్నదే నా ప్రశ్న.