కుర్చీ ఖాళీగా ఉంచిన సభ

2024 ఆగస్టులో నెల రోజులు సెలవు పెట్టి, కార్డిఫ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. నేను చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. సాహిత్యం నాకు సాయంత్రాల వ్యాపకం. అందుచేత ఈ వ్యాసంలో పండితులకు లోపాలు కనబడితే ఆశ్చర్యం లేదు. అయితే హోసూరులో పుట్టి, బదిలీల మీద బళ్లారి, షోలాపూర్, బరంపురం తిరిగినవాణ్ణి గనుక, పరాయి భాష మధ్య సొంత భాషలో సభ నడపడం ఎంత కష్టమో దగ్గరగా చూశాను. వేల్స్ సాహిత్యోత్సవాలను ఆ కళ్లతోనే చూశాను.

వేల్స్ మన పాత అనంతపురం జిల్లా కంటే కొంచెం పెద్ద దేశం. జనాభా 31 లక్షలు. 2021 జనగణనలో వెల్ష్ మాట్లాడగలమని చెప్పినవారు 5 లక్షల 38 వేల మంది. అంటే నూటికి పద్దెనిమిది మంది కూడా లేరు. పక్కనే ఇంగ్లీషు. పక్కన ఏమిటి, ఇంట్లోనే ఇంగ్లీషు. ఇంత చిన్న చోట ఏడాది పొడుగునా ఏదో ఒక సాహిత్యోత్సవం జరుగుతూనే ఉంటుంది. వెళ్లదలచినవారికి రెండు ముక్కలు చెబుతాను. మే నెలాఖరున హే ఆన్ వైలో పుస్తకాల పండుగ. అదే రోజుల్లో పిల్లలకు ఉర్ద్ వారి ఐస్తెద్వోద్, ఇది 1929 నుంచీ ఉంది. జూలైలో లాంగోలెన్‌లో అంతర్జాతీయ ఉత్సవం. 1947లో మొదలైన ఈ ఉత్సవంలో పాటకూ నృత్యానికీ ఉన్నంత చోటు కవిత్వానికి లేదు. ఆగస్టు మొదటి వారంలో జాతీయ ఐస్తెద్వోద్. ఒకటే వారం కుదిరే పనైతే ఆగస్టుకే వెళ్లండి. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

హే సంగతి ముందు ముగిస్తాను. అది రెండు వేల మంది కూడా లేని ఊరు. 1960ల్లో రిచర్డ్ బూత్ అనే ఆయన అక్కడ పాత పుస్తకాల దుకాణాలు తెరిచి, ఊరంతా పుస్తకాల సంత చేశాడు. 1977 ఏప్రిల్ ఒకటిన తానే ఆ ఊరికి రాజునని ప్రకటించుకున్నాడు. తేదీ చూస్తే ఆ రాజ్యం ఎలాంటిదో తెలుస్తుంది. 1988లో ఉత్సవం మొదలైంది. 2001లో క్లింటన్ వచ్చాడు. 2010లో మన తిరువనంతపురానికీ ఈ ఉత్సవాన్ని తెచ్చారు. నేను వెళ్లేసరికి పండుగ అయిపోయింది, దుకాణాలు మాత్రం ఉన్నాయి. ఒక పూట తిరిగాను. మూరుమార్కెట్ తగలబడక ముందు చూసినవారికి ఆ ఆనందం విప్పి చెప్పనక్కరలేదు. కానీ హే ఉత్సవం పేరున్న రచయితను చూడటానికి టికెట్టు కొనుక్కుని వెళ్లే సభ. అక్కడ రచయిత మాట్లాడతాడు, మనం వింటాం, పుస్తకం కొని సంతకం పెట్టించుకుంటాం. ఆ పని బాగానే చేస్తారు. 2024లో ఆ సభకు డబ్బిచ్చే బెయిలీ గిఫర్డ్ అనే పెట్టుబడుల సంస్థ విషయంలో అభ్యంతరాలు వచ్చి, కొందరు వక్తలు తప్పుకోగా, నిర్వాహకులు ఆ సాయాన్ని నిలిపివేశారు. డబ్బు ఎక్కడినుంచి వస్తోందని అడగడం తప్పంటే బ్యాంకువాణ్ణి నేను ఒప్పుకోను. అయితే అది సాహిత్య విమర్శ కాదు. ఆ వివాదంలో ఎవరి కవిత గురించీ ఎవరూ తగువులాడలేదు.

ఐస్తెద్వోద్‌లో తగువు కవిత గురించే.

ఆ మాటకు మూలం కూర్చోవడం. 1176లో రిస్ ప్రభువు కార్డిగన్ కోటలో సభ చేసి, కవిత్వంలో గెలిచినవాడికి ఒక కుర్చీ, సంగీతంలో గెలిచినవాడికి ఒక కుర్చీ ఇచ్చాడట. ఇప్పటి జాతీయ సభ 1861లో అబర్‌డేర్‌లో మొదలైంది. ఒక ఏడు ఉత్తరాన, ఒక ఏడు దక్షిణాన, ఎప్పుడూ ఊరు మారుతుంది. ఛందోబద్ధ కావ్యానికి కుర్చీ, స్వేచ్ఛా ఛందస్సులో రాసినదానికి కిరీటం, వచనానికి పతకం. 1950 నుంచి వేదిక మీద వెల్ష్ తప్ప మరో భాష వినబడకూడదని నియమం.

తెల్లని, నీలి, ఆకుపచ్చ అంగీలు వేసుకుని వేదికనెక్కే కవుల మండలిని గోర్సెద్ అంటారు. దీన్ని 1792లో లండన్‌లోని ప్రిమ్‌రోజ్ హిల్ మీద ఇయోలో మోర్గానుగ్ అనే రాతి పనివాడు కల్పించాడు. ప్రాచీనమని నమ్మించాడు గానీ చాలా మటుకు అతని ఊహే. పాత కవుల పేరుతో పద్యాలు కూడా తానే రాసి పెట్టాడు. ఇరవయ్యో శతాబ్దంలో పండితులు గుట్టు విప్పారు. అయినా ఆ తంతును వదలలేదు. మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత మన భువన విజయం రూపకం గుర్తొచ్చింది. బళ్లారి నుంచి బరంపురం దాకా తెలుగు సంఘం ఉన్న ప్రతి ఊళ్లోనూ చూశాను. స్థానిక లెక్చరరు గారు పెద్దన, పోస్టుమాస్టరు గారు తెనాలి రామకృష్ణుడు, అద్దె తలపాగాలు. మనదీ వేషమే, వాళ్లదీ వేషమే. తేడా ఒకటుంది. మనం నాలుగైదు వందల ఏళ్ల కిందటి కవుల వేషం వేసి వాళ్ల పద్యాలు చదువుతాం. అక్కడ వేషం కట్టి నిలబెట్టేది ఈ ఏడు కావ్యం రాసిన మనిషిని. మన గండపెండేరం పెద్దనగారి కాలి దగ్గరే ఆగిపోయింది.

ఆ ఏడు సభ పొంటిప్రీద్‌లో జరిగింది, కార్డిఫ్ నుంచి రైల్లో అరగంట. సభ జరిగిన పార్కులోనే వేల్స్ జాతీయ గీతం రాసిన ఇవాన్ జేమ్స్‌కూ, దానికి బాణీ కట్టిన అతని కొడుక్కీ స్మారకం ఉంది. తండ్రి ఉన్ని నేతగాడు. 1856 నాటి మాట. షోలాపూర్‌లో, బరంపురంలో మగ్గం శబ్దం మధ్య తెలుగు నిలబెట్టుకున్న మన పాఠకులకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలనిపించింది.

శుక్రవారం, ఆగస్టు 9న, కుర్చీ ప్రదానం. పోటీకి కావ్యం పంపేవాళ్లు మారుపేరుతోనే పంపాలి. న్యాయనిర్ణేతలు ముగ్గురు. వాళ్లలో ఒకరు వేదిక మీదికొచ్చి, వచ్చిన కావ్యాల మంచిచెడ్డలు అందరిముందూ చెప్పి, గెలిచిన మారుపేరు ప్రకటిస్తారు. బూర ఊదుతారు. వేల మంది కూర్చున్న చీకటి సభలో ఆ మారుపేరుగల మనిషి ఎక్కడో లేచి నిలబడాలి. దీపం వెతుక్కుంటూ వచ్చి అతని మీద పడుతుంది. అప్పటిదాకా పక్క కుర్చీవాడికీ తెలియదు. వేదిక మీద పెద్ద కత్తిని ఒరలోంచి కొంచెం లాగి, శాంతి ఉందా అని మూడుసార్లు అడుగుతారు, శాంతి అని సభ మూడుసార్లు బదులిస్తుంది. అప్పుడే కుర్చీలో కూర్చోబెడతారు. ఆనాడు సభను నడిపిన పెద్ద మెరెరిద్ హాప్‌వుడ్. 2001లో కుర్చీ గెలుచుకున్న తొలి మహిళ ఆవిడే. కార్విన్ ఎక్లీ అనే యువకుడు లేచాడు. చిన్నతనంలో పోయిన తండ్రి గురించి అతను రాసిన పద్యాలకు కుర్చీ దక్కింది. మా అమ్మాయి, నేనూ చెవి యంత్రంలో ఇంగ్లీషు అనువాదం వింటున్నాం. కాసేపటికి అది తన యంత్రం తీసేసింది. “అర్థం కాకపోయినా పరవాలేదు నాన్నా, చప్పుడు వింటాను” అంది. మా అమ్మాయి తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. నా బదిలీలకు తగ్గట్టు బడులు మారి మూడు లిపులు నేర్చుకుంది, వాటిలో మాది లేదు. దాని తప్పు కాదు.

ఆ చప్పుడు సంగతి చెప్పాలి. వాళ్ల ఛందస్సుకు ప్రాణం కంగ్హానెద్. అంటే పొందిక. మన యతి ఏం చేస్తుంది? ఉత్పలమాలలో మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ మైత్రి కలుపుతుంది. చంపకమాలలో పదకొండోది, శార్దూలంలో పదమూడోది, మత్తేభంలో పద్నాలుగోది. ఒక్క అక్షరం కలిస్తే చాలు. కంగ్హానెద్‌లో గట్టి రకంలో పాదం మొదటి సగంలో ఏ హల్లులు ఏ వరసలో వచ్చాయో రెండో సగంలోనూ అవే హల్లులు అదే వరసలో రావాలి, అచ్చులు మారాలి. మధ్యలో కొంత మేర వదిలేసే రకం ఒకటి, లోపలి అంత్యప్రాసతో నడిచేది ఒకటి, పాదం చివరి మాటలో ఉపాంత్యాక్షరంతో ప్రాస కలిపేది ఒకటి, మొత్తం నాలుగు. ఛందస్సులు ఇరవైనాలుగు. పద్యం సంకెల అని మనవాళ్లు వదిలేయమని వాదించిన రోజుల్లోనే, 1976లో అక్కడ ఈ ఛందస్సు కోసం సంఘం పెట్టి పత్రిక నడపడం మొదలుపెట్టారు. వచన కవిత్వం నాకూ ఇష్టమే, అది వేరే విషయం. కానీ నిబంధన ఉన్నచోట తప్పొప్పులు చెప్పడం తేలిక. విమర్శకు కాలు పెట్టడానికి చోటుంటుంది.

అష్టావధానంలో సమస్యాపూరణం చూసినవారు తాలూర్న్‌ను చూస్తే సంతోషిస్తారు. జట్లుగా వచ్చిన కవులు ఇచ్చిన పంక్తిని పూరించాలి, ఇచ్చిన విషయం మీద చెప్పాలి. ఒక పెద్ద పక్కన కూర్చుని ప్రతి పద్యానికీ అక్కడికక్కడే మార్కులు వేస్తాడు, అర మార్కు కూడా తగ్గిస్తాడు. 1979 నుంచి రేడియోలో వస్తోంది. తాలూర్న్ అంటే కోడిపందేల బరి అని అర్థమట. యానాం పాఠకులు నవ్వుకుంటారని తెలుసు.

ఇక అసలు విషయం. శుక్రవారం కుర్చీ ప్రదానం ముగిసిన వెంటనే బయట ఒక పుస్తకం అమ్ముతారు. ఆ ఏటి గెలిచిన రచనలు, వాటితోపాటు న్యాయనిర్ణేతల తీర్పులు పూర్తిపాఠం. గెలిచినవాటి మీదే కాదు, ఓడినవాటి మీద కూడా. ఫలానా మారుపేరువాడికి భాష ఉంది, ఊహ లేదు. ఫలానావాడు ఛందస్సు నేర్చుకుని రావాలి, ఇలాంటి ధోరణి. జనం వరసలో నిలబడి కొన్నారు. అక్కడే గడ్డి మీద కూర్చుని చదవడం మొదలుపెట్టారు. మన పోటీల ప్రకటనల్లో చివరి వాక్యం ఏమిటి? న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం, ఉత్తర ప్రత్యుత్తరాలకు తావులేదు. ఏ ఆడిట్ రిపోర్టులోనైనా ఈ వాక్యం రాస్తే నా ఉద్యోగం ఉంటుందా?

నచ్చకపోతే ఇవ్వరు కూడా. 2013లో డెన్‌బీలో కుర్చీ సిద్ధంగా ఉంది, సభ నిండి ఉంది, తగినవారు ఎవరూ లేరని చెప్పి ఖాళీగా వదిలేశారు.  నూటికి పద్దెనిమిది మందే మాట్లాడే భాషలో, రాసేవాడు దొరకడమే భాగ్యమనుకోవలసిన చోట, ఈ పని చేశారు.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. 2011లో మహారాష్ట్రలో ఒక ఊళ్లో పనిచేస్తున్నప్పుడు ఉగాది పద్య పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పెట్టారు. ఒక నేత కుటుంబం కుర్రవాడు అయిదు ఉత్పలమాలలు పంపాడు. పద్యాలు బలహీనంగా ఉన్నాయి. పదో అక్షరం కోసం మాటలు లాక్కొచ్చాడు. ఆ వయసువాడు తెలుగు పద్యం రాయడమే గొప్ప అనుకుని మొదటి బహుమతి ఇచ్చాను. శాలువా కప్పాం, అందరూ చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక వచ్చి, “సార్, ఏ పద్యం బాగుందండీ? ఎందుకు బాగుంది?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అన్నీ బాగున్నాయన్నాను. అతని ముఖం చూస్తే నమ్మలేదని తెలిసింది. ఆ తర్వాత నేనున్న రెండేళ్లూ అతను ఏ పోటీకీ రాలేదు. జాలితో ఇచ్చిన బహుమతిని పుచ్చుకున్నవాడు ఇట్టే గుర్తుపడతాడు.

వాళ్ల సభలో లోపాలు లేవనను. నేనున్న ఆ వారంలోనే నాటక పతకం పోటీని, తీర్పు అయిపోయాక, రద్దు చేశామని ప్రకటించారు. ఎందుకో విడమరచి చెప్పలేదు. తీర్పులు అచ్చువేసి అమ్మే సంస్థకు అది బొత్తిగా తగని పని. ఇరుగుపొరుగు కుర్చీలవాళ్లు ఆ రోజంతా అదే మాట్లాడుకున్నారు. మరొకటి, వెల్ష్ తప్ప వినబడకూడదన్న నియమం వల్ల డిలాన్ థామస్ వంటి కవికి అక్కడ చోటు లేదు. ఆయన తల్లిదండ్రులు వెల్ష్ వచ్చినవాళ్లే, కొడుకును ఇంగ్లీషులో పెంచారు. ఆయన కోసం స్వాన్సీ, లార్న్ వెళ్లాలి. నియమం మాత్రం సరైనదే అంటాను. మన సంఘాల సభల్లో ముఖ్య అతిథి కోసం ఇంగ్లీషు, మంత్రిగారి కోసం ఆ రాష్ట్ర భాష, చివర మిగిలిన పది నిమిషాలు తెలుగు కవులకు. అక్కడ అర్థం కానివాడికే చెవి యంత్రం ఇస్తారు. వేదిక భాష మార్చరు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు వేరే గుడారమే ఉంది. పెద్దయ్యాక నేర్చుకోవడం ఎగతాళి కాదక్కడ. వెల్ష్‌ను రెండో భాషగా నేర్చుకున్న రాబట్ పావెల్ 1985లో కుర్చీ గెలిచాడు. ఆ గుడారంలో మా అమ్మాయి చాలాసేపు నిలబడి చూసింది. ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

ఈ సభ వేల్స్ బయట కూడా జరిగిందని తెలిసి నాకు మరీ ఆసక్తి కలిగింది. పనుల కోసం వెళ్లి స్థిరపడిన వెల్ష్ జనం కోసం లివర్‌పూల్‌లో, లండన్‌లో చేసేవారు. 1865లో ఓడెక్కి అర్జెంటీనా వెళ్లినవారి సంతతి పటగోనియాలో ఇప్పటికీ చేస్తోంది. 1917లో లివర్‌పూల్‌కు ఎదురుగా ఉన్న బర్కెన్‌హెడ్‌లో జరిగినప్పుడు బూర ఊది మారుపేరు పిలిస్తే ఎవరూ లేవలేదు. ఆ కవి హెద్ విన్, గొర్రెల కాపరి, అయిదు వారాల క్రితమే యుద్ధంలో చనిపోయాడు. ప్రధాని లాయిడ్ జార్జ్ చూస్తుండగా కుర్చీ మీద నల్లగుడ్డ కప్పారు. బెల్జియం నుంచి శరణార్థిగా వచ్చిన వడ్రంగి చేసిన కుర్చీ అది. ఇప్పటికీ ఆ కవి పొలం ఇంట్లోనే ఉంది. వాళ్ల సాహిత్య చరిత్రలో అతి ముఖ్యమైన ఒక మధ్యాహ్నం సొంత గడ్డ అవతల, పరాయి ఊళ్లో గడిచింది. తమిళనాడులో 2006 చట్టం వచ్చాక మా ఊరి బడుల్లో తెలుగు కోసం పడిన పాట్లు చూసినవాణ్ణి గనుక, సాహిత్యమంతా హైదరాబాదులో, విజయవాడలోనే జరగాలా అని అప్పుడప్పుడు అనుకుంటాను.

ఇంటికొచ్చాక పాత ఫైళ్లు తీశాను. బ్యాంకు అలవాటు, ఏదీ పారేయను. ఆ అయిదు ఉత్పలమాలలూ దొరికాయి. కూర్చుని మూడు పేజీల అభిప్రాయం రాశాను. ఎక్కడ పద్యం నడిచింది, ఎక్కడ మాట కోసం మాట వచ్చింది, ఎక్కడ యతి తప్పింది, అన్నీ. పాత చిరునామాకు పంపితే తిరిగొస్తుందనుకున్నాను. ఇరవై రోజులకు జవాబొచ్చింది. ధన్యవాదాల కింద ఒకే ఒక వాక్యం: మూడో పద్యంలో యతి తప్పలేదు సార్, యకారానికీ హకారానికీ మైత్రి చెల్లుతుంది. అప్పకవీయం తీసి చూశాను. అతను చెప్పిందే ఒప్పు.