ఫ్యాన్ ఆపి, మంట పెంచి

పెంబర్తిలో ఇత్తడి పని చూడబోతే ముందు వినబడేది సుత్తి చప్పుడే. నన్ను నిలబెట్టేది మాత్రం అతుకు పెట్టే ఘడియ. వెలిగారం పూసిన అంచు మీదికి గ్యాస్ టార్చి తిప్పే ముందు పనివాడు ఫ్యాన్ ఆపేస్తాడు. చేతిలో టార్చి మాత్రం హోరెత్తుతుంటుంది. పిల్లగాలిని ఓర్చుకోనివాడు ఆ హోరును ఎట్లా భరిస్తాడు?

కిటుకు సుడి పరిమాణంలో ఉంది. ఫ్యాన్ గాలిలోని సుడులు మంటకన్నా పెద్దవి. మంటను మొత్తంగా అతుకు మీంచి పక్కకు తోసేస్తాయి. రేకు చల్లబడుతుంది, టంకం పారదు. పోనీ వేడి పెంచుదామా అంటే జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది. ఇత్తడిలోంచి తెల్లపొగై లేచిపోతుంది. రేకును మెత్తబరచడానికి మొత్తం కాల్చేటప్పుడు ఇంత పట్టింపు లేదు. మంట ఎటు ఊగినా తగిలేది రేకుకే.

టార్చి మూతి దగ్గర పుట్టే సుడులు చిన్నవి. అవి మంటను తొయ్యవు, ముడతలు పెడతాయి. ముడతలు పడేకొద్దీ మండే ఉపరితలం పెరిగి, అదే జాగాలో ఎక్కువ గ్యాస్ కాలుతుంది. జర్మన్ శాస్త్రవేత్త గెర్హార్డ్ డామ్‌కోలర్ 1940లోనే ఈ సంగతి చెప్పాడు. ముడతలు క్షణక్షణం మారుతుంటే వేడి పుట్టే వేగమూ ఎగుడుదిగుడవుతుంది. హోరులో కొంత దానిదే. రేకుకు ఆ వణుకు పట్టదు. ఒక్కో ఒడుదొడుకుకూ కాగి చల్లారేంత వ్యవధి లోహానికి దొరకదు, సగటు వేడే దానికి తెలుసు.

నాకు అసలు ముచ్చట గొలిపేవి ఇంకా చిన్న సుడులు. పెద్ద సుడి చిన్నవిగా విరిగి విరిగి, చివరికి గాలి జిగటకు అరిగిపోతుంది. ఎంత చిన్నదాకా విరుగుతుందో 1941లో రష్యన్ గణితవేత్త కోల్మోగొరోవ్ లెక్కగట్టాడు. మంటలో ఆ అరుగుదల మరీ త్వరగా జరుగుతుంది. నూనె కాగితే పలచనవుతుంది. గాలిది తిరగబడిన లెక్క. 1500 డిగ్రీల దగ్గర సుడిని అణచే గుణం మామూలు గాలికన్నా సుమారు 20 రెట్లు. అందుకే బుల్లి సుడులు చాలావరకు మంట లోపలికి చేరేలోపే సమసిపోతాయి. గాలి మంటను నలిపితే, మంట గాలిని సాపు చేస్తుందన్నమాట!

వరంగల్ ఎన్‌ఐటీ పిల్లలు దహనం పాఠం చదివే రోజుల్లో ఒకసారి బస్సెక్కి ఈ ఊరు రావాలని నా కోరిక. వచ్చి, టార్చికి గాలి తూటు సగం మూయమని పనివాణ్ణి అడగాలి. నీలిమంట పసుపుపచ్చబడి, హోరు తగ్గి, కొస మెల్లగా ఊగడం మొదలవుతుంది. అతుకు పెట్టేవాడు మాత్రం ఆ మంటను దగ్గరికి రానివ్వడు: మసి పడుతుంది.