నేల ఒప్పుకుంటేనే చెరువు

హైదరాబాద్ పాతబస్తీ దాటి బెంగళూరు రోడ్డెక్కితే జూపార్కు పక్కన మీరాలం చెరువు. దాని కట్ట తిన్నగా ఉండదు. నీళ్లవైపు ఉబ్బిన 21 అర్ధవృత్తాకారపు రాతి కమానులు వరసగా చేతులు పట్టుకుని నిలబడినట్టుంటాయి. నిజాం దివాను మీర్ ఆలం 1804లో మొదలుపెట్టించిన ఈ సున్నపు గచ్చు కట్టడం రెండేళ్లలో పూర్తయింది. 1920లో ఉస్మాన్‌సాగర్ వచ్చేదాకా నగరం గొంతు తడిపిన నీళ్లలో దీని వాటా పెద్దది.

అందరూ ఆ కమానులనే మెచ్చుకుంటారు. మెచ్చదగ్గవే. అయితే కమాను నీటి తోపును ఆపదు, పక్కనున్న దిమ్మెల మీదికి నెడుతుంది. దిమ్మె ఆ బరువును నేలకు దించుతుంది. ఒక్క దిమ్మె కింద నేల కుంగినా రెండు పక్కలా కమానులు చిట్లుతాయి. వరద పోటెత్తినప్పుడు నీరు కట్ట మీదుగానే దూకుతుంది గనుక కిందిది కోసుకుపోయే మట్టి కాకూడదు. ఇన్ని పరీక్షలను రెండు శతాబ్దాలుగా తట్టుకున్నదంటే అసలు ఘనత అడుగునున్న రాతిది, దాన్ని గుర్తుపట్టిన కళ్లది.

హైదరాబాద్ నేల సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద పొరలుగా విచ్చిన బండ, అన్నిటికీ అడుగున గట్టి రాయి. మోసం చేసేది మొరమే. గడ్డపారకు ఎదురుతిరిగేంత గట్టిగా ఉంటుంది, నీళ్లను మాత్రం వదిలేస్తుంది. మొరంలో చిక్కుకుని మిగిలిపోయిన గుండ్లు ఇంకో మోసం. ఒకచోట బండ తగిలిందని పునాది ఆపేస్తే అది గుండే కావచ్చు, దాని కింద మళ్లీ మొరం ఉండవచ్చు. అందుకే కట్ట వచ్చే గీత పొడవునా చాలాచోట్ల గుంతలు తవ్వాలి, బోర్లు వేసి బండలోకి ఇంకొంత లోతు దిగాలి.

మట్టిని చూడటానికి చెయ్యి చాలు. తడిపి ముద్ద చేసి, వేళ్ల మధ్య తాడులా పేనితే బంకమట్టి తెగకుండా సాగుతుంది, ఇసుక పాలు ఎక్కువైతే రాలిపోతుంది. గుంతలో నీళ్లు నింపి మట్టం ఎంతసేపట్లో ఎంత దిగిందో కొలవడం మరో పద్ధతి. రాతికి వేరే పరీక్ష ఉంది. బోరులో కొంత భాగాన్ని పైనా కిందా మూసి బిగించి, నీళ్లను ఒత్తిడితో పంపి, నిమిషానికి బండ ఎంత తాగుతుందో లెక్కిస్తారు. స్విట్జర్లాండ్‌కు చెందిన భూగర్భ శాస్త్రవేత్త మారిస్ లూజియన్ 1933లో ప్రతిపాదించిన ఈ కొలతకు ఇప్పటికీ ఆయన పేరే.

ఈ జాగ్రత్త తెలుగు నేలకు కొత్తది కాదు. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాకుమారుడు భాస్కరుడు వేయించినది. మంచి చెరువుకు 12 అంగాలనూ, ఆరు దోషాలనూ అది లెక్కపెట్టింది. నీటి శాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, కొండలను ఆనుకున్న రాతికట్ట, దగ్గరలోనే రాతిగని అంగాల్లో కొన్ని. దోషాల్లో మొదటిది కట్ట నుంచి నీరు ఊరడం, ఆ తర్వాతది చవిటి నేల. చెరువు నడుమ తాబేటి వీపులా మెరక ఉండటం కూడా దోషమే. రోజుకు వెయ్యిమంది, వంద బండ్లు, రెండేళ్లు పని చేశాయని కూడా శాసనం చెబుతుంది. ఇంత కష్టం పడటానికి ముందే స్థలం తేల్చుకోవాలన్న వివేకం ఆ జాబితాలో కనిపిస్తుంది.

ఆ మొదటి దోషం ఎంత చేయగలదో 1976 జూన్ 5న అమెరికాలోని ఐడాహో రాష్ట్రం చూసింది. టీటన్ ఆనకట్ట మొదటిసారి నిండుతుండగానే, పగుళ్ల బండ మీద పోసిన మెత్తని మట్టిని ఊట నీరు లోపలి నుంచే కోసుకుపోయింది. ఉదయం కనిపించిన బురద ఊట మధ్యాహ్నానికల్లా గండిగా మారింది. 11 మంది చనిపోయారు.

ఊటంతా చెడ్డది కాదు. చెరువు కింది బావులు ఊటతోనే బతుకుతాయి. పూడిక తీసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి: ఏళ్ల తరబడి పేరుకున్న సన్నని ఒండ్రు నీటిని పట్టి ఉంచే పొర కూడా. దాన్ని మొరం తేలేదాకా గోకేస్తే చెరువు ఎక్కువ నీళ్లు పడుతుంది గానీ ఎక్కువ రోజులు నిలపదు. తీసే ముందు నాలుగు గుంతలు తవ్వి పొర మందం చూడడానికి ఒక్క రోజు చాలు.

మీ ఊరి చెరువు కట్ట మీద నడిచినప్పుడు బయటివైపు అడుగు కూడా చూడండి. నీరు తేటగా ఊరుతుంటే ఎక్కడో గుర్తుపెట్టుకుని పెరుగుతోందేమో గమనించండి. బురదగా వస్తుంటే మాత్రం అదే రోజు నీటిపారుదల శాఖకు చెప్పండి.